ఏడో దెబ్బ

దెబ్బ ఎప్పుడూ ఎడమ భుజం వెనక, రెక్క ఎముక మీదే పడేది. వెంట్రుకలు ఊడిపోయిన పాత కమాను పుల్ల అది. వయొలిన్ వాయించడానికి పనికిరాకుండా పోయాక వాయించేవాళ్ళని దారిలో పెట్టడానికి మాస్టారు దాన్ని దాచుకున్నారు. చేతిలో పట్టుకునే చోట నల్లగా నున్నబడింది. కొస మాత్రం ఇంకా గరుగ్గానే ఉంది.

ఆ ఇంట్లో నేర్పే తాళానికి ఏడు లెక్కలు. ఆరు సమానంగా నడుస్తాయి. ఏడోదానికి ముందు ఒక్క పిసరు ఆగాలి, ఊపిరి బిగబట్టినంత సేపు. తర్వాత ఏడోది పడాలి. ఎంతమంది ఎన్ని చోట్ల వయొలిన్ వాయించినా ఆ ఆగడం మాస్టారి ఇంటి సొత్తు. కళ్ళు మూసుకుని విన్నవాళ్ళు కూడా ఇది ఆయన శిష్యుల చెయ్యి అని ఇట్టే చెప్పేస్తారు. దాన్ని ఆయన నేర్పే పద్ధతి ఒకటే. శిష్యుడి వెనక నిలబడి పుల్లతో భుజం మీద ఆరుసార్లు మెల్లగా తడతారు. ఆగుతారు. ఏడోది కొడతారు. ఆగినప్పుడు వినిపించేది గొప్ప సంగీతమని సభలో కూర్చున్నవాళ్ళు అనుకుంటారు. దెబ్బ కోసం కాచుకుని ఉండడమే అదని పెద్దోడికి తెలుసు.

పెద్దోడంటే పెద్ద శిష్యుడు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి ముందు గదిలో, కిటికీ పక్క చాప మీద కూర్చుంటున్నాడు. ఆ బుధవారం పొద్దున పదిమంది పిల్లల ముందు అతనికి ఏడోది పడింది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఏడు దాకా లెక్కపెట్టడం రాలేదురా నీకు," అన్నారు మాస్టారు. "చేతివేళ్ళు చాలకపోతే కాలివేళ్ళు కూడా కలుపుకో."

వెనక వరసలో రెండు జడల పిల్ల కిసుక్కున నవ్వింది. పెద్దోడు గడ్డం కింద వయొలిన్‌ని సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. పుల్ల తగిలినచోట మంట రెండు నిమిషాల్లో పోయింది. ఆ నవ్వు మాత్రం పోలేదు.

ఆదివారం మాస్టారి కచేరీ ఉంది. ఆయన చేతులు వణకడం మొదలై ఏడాది దాటింది. అదే తన ఆఖరి కచేరీ అనీ, తన తర్వాత ఆ గదిలో ఎవరు కూర్చోవాలో ఆ రోజే అందరి ముందూ చెప్తాననీ ఆయన ప్రకటించారు. పెద్దోడే అని శిష్యులందరూ అనుకుంటున్నారు. మాస్టారు మాత్రం ఆ మాట ఇంతవరకూ అనలేదు. మాస్టారి కూతురు ఇంట్లో ఉండి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదని పెద్దోడికి తెలుసు. ఆ అమ్మాయి చెయ్యి తన చెయ్యికన్నా మంచిది. కానీ ఆమె మూడు నెలల క్రితం ఇల్లు వదిలి, టైర్లు నిలవచేసే పాత గోడౌన్‌లో ఒక గిటారు అతన్నీ, డ్రమ్ములు వాయించే ఒక బట్టతల మనిషినీ పక్కన పెట్టుకుని వాయిస్తోంది. ఆ డ్రమ్ముల మనిషిని అందరూ గుండు అంటారు.

పాఠం అయ్యాక ఎవరో తమ ఫోన్‌లో ఆ అమ్మాయి కొత్త పాట పెట్టారు. మాస్టారు నలభై ఏళ్ళుగా వాయిస్తున్న నెమ్మది రాగమే అది. కింద డ్రమ్ములు నడుస్తున్నాయి. రాగం సాగి సాగి ఇంక తెగుతుందనుకున్న చోట డ్రమ్ము దాన్ని కిందనుంచి ఎత్తి పట్టుకుంటోంది. గదిలో ఒక్కరూ కదల్లేదు. పెద్దోడి కాలి బొటనవేలు దానంతట అదే ఆడింది. చూసుకుని, పాదాన్ని తొడ కిందకి లాక్కున్నాడు.

మాస్టారు కమాను వెంట్రుకలకి రాజనం బిళ్ళ పామడం ఆపలేదు. పాట అయిపోయాక అన్నారు, "ఆ అమ్మాయి తప్పేం లేదు. కిందనుంచి ఆ చెయ్యి మోగుతోంది కదా, అదీ పాడుచేసింది. ఆ చెయ్యి లేకపోతే ఈ మోతే లేదు."

అని పెద్దోడి మొహంలోకి చూశారు. మామూలుగా ఆయన శిష్యుల చేతుల్ని చూస్తారు, భుజాల్ని చూస్తారు. మొహం చూడరు. అలా ఒక్క క్షణం చూసి, భోజనానికి లోపలికి వెళ్ళిపోయారు.

*

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పెద్దోడు గోడౌన్ ముందు బండి ఆపాడు. హెల్మెట్ తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో తనని తాను అడగలేదు. మాట్లాడదామనే వచ్చానని దారంతా అనుకున్నాడు. "మాస్టారి మనసు కష్టపెట్టకండి" అనే వాక్యాన్ని బండి మీద నాలుగైదుసార్లు అప్పజెప్పుకున్నాడు కూడా.

షట్టర్ సగం ఎత్తి ఉంది. దాన్ని కిందికి లాగే ఇనుప కొక్కెం గోడకి ఆనించి ఉంది, మనిషి నడుమెత్తు పొడుగు. వంగి లోపలికి దూరుతున్నప్పుడు అది చేతికి తగిలింది. చేతికి తగిలింది కాబట్టి పట్టుకున్నాడు.

లోపల గుండు ఒక్కడే ఉన్నాడు. ఆ అమ్మాయీ గిటారు అతనూ టీకి వెళ్ళినట్టున్నారు, రెండు స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయి. గుండు చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చిన్న డ్రమ్ము మీదకి వంగి, తాళంచెవిలాంటిదాన్ని తిప్పి తోలు బిగిస్తున్నాడు. తిప్పడం, వేలితో కొట్టడం, వినడం. మళ్ళీ పావు వంతు తిప్పడం. అచ్చంగా మాస్టారు తీగ సవరించినట్టే. డ్రమ్ముల చుట్టూ నాలుగు మైకులు నిలబెట్టి ఉన్నాయి. బల్ల మీద ఏదో పెట్టెకి ఎర్రటి చిన్న దీపం వెలుగుతోంది. కరెంటు ఉందని చెప్పే దీపం అనుకున్నాడు పెద్దోడు. మాస్టారింట్లో ఎన్నడూ ఏదీ రికార్డు చెయ్యనివ్వరు. అతను ఆ పెట్టెల్ని దగ్గరగా చూసింది లేదు.

మొదటి దెబ్బ పెద్ద డ్రమ్ము తోలు మీద పడింది. తోలు పగిలి, కొక్కెం లోపలికి దిగబడింది. లాగి రెండోది పక్కదాని మీద వేశాడు. మూడోదానికి ఒక స్టాండు వంగిపోయింది. గుండు హెడ్‌ఫోన్లు లాగేసి వెనక్కి పడ్డాడు, స్టూలు దొర్లింది. నాలుగోది. ఐదోది డ్రమ్ముల పక్కన స్టాండుకి బిగించిన ఇత్తడి రేకు మీద పడి గోడౌన్ అంతా మోగింది. హెల్మెట్‌లో పెద్దోడికి తన ఊపిరి తప్ప ఇంకేమీ సరిగ్గా వినబడడం లేదు. కోపం వస్తుందేమో అని చూశాడు, రాలేదు. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. చెయ్యి తను చెప్పకుండానే లేస్తోంది, సరిగ్గా పడాల్సినప్పుడు పడుతోంది.

ఆరోది చిన్న డ్రమ్ము మీదకి వస్తుండగా గుండు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరైనా పసిపిల్లల తలకి చెయ్యి అడ్డం పెట్టినట్టు పెట్టాడు. కొక్కెం మధ్యలోనే మణికట్టు మీద తగిలింది. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. చెయ్యి డ్రమ్ము మీద వాలిపోయింది. గుండు అరవలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

పెద్దోడు ఆగాడు.

కొక్కెం గాల్లో ఉంది. గుండు హెల్మెట్ అద్దంలోకి చూస్తున్నాడు. ఆ అద్దంలో అతనికి తన బట్టతలే కనిపించి ఉంటుంది. ఆ చెయ్యి తియ్యడానికి అతనికి వ్యవధి ఉంది, కానీ చెయ్యి అతని మాట వినడం లేదు.

ఏడోది అదే చెయ్యి మీద పడింది.

*

శుక్రవారం పొద్దున్నకి కబురు అందరికీ తెలిసిపోయింది. మణికట్టులో రెండు ఎముకలు, చేతివేళ్ళవి మూడు విరిగాయట. ఆపరేషన్ చేసి స్టీలు పలక వేశారట. ఏడాది దాకా డ్రమ్ము పుల్ల పట్టుకోలేడట, ఆ తర్వాత కూడా ఏమో చెప్పలేమన్నారట. అంత పని జరిగినా వద్దన్నా వినకుండా తెల్లారగానే ఇంటికి పోయాడట. పోలీసులు వచ్చి వెళ్ళారు. హెల్మెట్ తప్ప చూసింది ఏమీ లేదు కాబట్టి గుండు కూడా ఏమీ చెప్పలేకపోయాడు.

మాస్టారు ఆ సంగతి విని, పాపం అన్నారు. తనకి ఒంట్లో బాగాలేదని, పిల్లలకి పాఠం పెద్దోణ్ణే చెప్పమన్నారు. పుల్ల తీసి అతని చేతికిచ్చారు. ఇరవై రెండేళ్ళలో అది అతని చేతికి రావడం అదే మొదలు.

అనుకున్నంత బరువు లేదు. పెద్దోడు ఒక్కొక్కరి వెనకా నడిచాడు. రెండు జడల పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఏడోది ముందే వేసేసింది. మళ్ళీ వాయించమన్నాడు. భుజం మీద తట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.

ఆగాడు.

ఆ ఆగడం పైనుంచి ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూడలేదు. పిల్ల భుజం చెవి దాకా లేచింది. మెడ మీద నరం ఒకటి బిగిసింది. జడల మధ్య పాపిటలో చర్మం ముడుచుకుంది. కమాను తీగ మీద ఉందన్నమాటే గాని ఆ పిల్ల వినడం లేదు, ఒళ్ళంతా వీపుగా చేసుకుని కూర్చుంది. కొట్టకుండా పుల్ల దించెయ్యవచ్చని పెద్దోడికి తోచింది. దించడానికి ప్రయత్నించాడు కూడా. తుమ్ము ముక్కు దాకా వచ్చి ఆగితే మనిషి ఎలా గిలగిల్లాడతాడో అతని చెయ్యి అలా గిలగిల్లాడింది. ఆ పిల్ల మీద కోపం లేదు. బుధవారం నవ్విందని కూడా గుర్తు లేదు. పూర్తికాని లెక్క ఒకటి గాల్లో వేలాడుతోంది, అంతే.

కొట్టాడు. పిల్ల ఏడవలేదు. ఆ తర్వాత మూడుసార్లు వాయించింది, మూడుసార్లూ తప్పు లేకుండా.

పాఠం అయ్యాక పెరటి పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. ఆరోది తను కావాలని వెయ్యలేదు, చెయ్యి అడ్డొచ్చింది. నిన్నటినుంచి ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ మాట ఏడోదాని దగ్గర తెగిపోతోంది. మళ్ళీ ఆరోదాని దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి మొదలుపెట్టి, మళ్ళీ ఏడోదాని దగ్గరికే వస్తున్నాడు.

*

శనివారం పన్నెండింటికి మాస్టారి కూతురు వచ్చింది. మూడు నెలల తర్వాత ఆ గుమ్మం తొక్కడం. చెప్పులు విప్పి, తల్లి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ముందు గదిలోకి వచ్చింది. మాస్టారు కుర్చీలో ఉన్నారు. మర్నాటి కచేరీకి ఏం వాయించాలో చెప్తుంటే పెద్దోడు కింద కూర్చుని రాసుకుంటున్నాడు.

"కొత్తది ఒకటి చేశాను నాన్నా. ఒకసారి వింటారా?" అంది.

జవాబు కోసం చూడకుండా ఆమె చిన్న స్పీకరు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

మళ్ళీ అదే నెమ్మది రాగం. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒంటరిగా వచ్చింది. కాసేపటికి గిటారు లావు తీగ ఒకటి కింద గురగురమంది. దానికింద దెబ్బలు మొదలయ్యాయి. డ్రమ్ములు కావవి. ఇంకా మొరటుగా ఉన్నాయి. ఒకటి లోతుగా, ఒకటి పగిలినట్టు, ఒకటి ఇనుము వంగినట్టు. ఐదోదానికి రేకు మోగింది. ఆరోది పొడిగా, చిన్నగా. ఆగడం. అందులో ఎవరిదో ఊపిరి. ఏడోది.

అవే ఏడు, మళ్ళీ మొదటినుంచి. పైన రాగం వాటిని దాటుకుంటూ, వాటిమీద కాలు పెట్టి నడుస్తూ పోతోంది.

పెద్దోడి చేతిలో పెన్ను కాగితం మీద ఒకచోటే నిలిచి సిరా గుండ్రంగా పరుచుకుంటోంది. ఎర్ర దీపం గుర్తుకొచ్చింది. తల ఎత్తకుండానే మాస్టారి చేతిని చూశాడు. తొడ మీద ఆయన వేళ్ళు తాళం వేస్తున్నాయి. వణుకు లేదు. ఏడూ మొదటిసారి వచ్చినప్పుడు ఆరోదాని దగ్గర ఆ వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. రెండోసారి తడబడలేదు. ఆగే చోట ఆయన వేళ్ళూ, ఆ దెబ్బలూ కలిసి ఆగాయి. కలిసి పడ్డాయి.

ఆమె స్పీకరు కట్టేసింది. "ఆ చెయ్యి ఎవరిదో పోలీసులకి తెలియలేదు నాన్నా. మీకు తెలుస్తుందేమోనని తెచ్చాను," అంది. గొంతులో కోపం లేదు. తీగ శ్రుతిలో ఉందో లేదో అడిగినట్టు అడిగింది.

 మాస్టారు కూతురి వైపు తిరగలేదు. పెద్దోడి వైపు తిరిగారు.

"ఆరోది తొందరపడింది," అన్నారు.

పెద్దోడు పెన్నుకి మూత పెట్టాడు.

"ఏడోది బాగుంది."

ముందుగా వచ్చింది సంతోషం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే అతను ఆ చాప మీద కూర్చున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు దక్కుతుందని వేలసార్లు ఊహించుకున్నాడు, ఆ ఊహల్లో తన చేతిలో ఎప్పుడూ వయొలినే ఉండేది. సంతోషం తనని వదిలి పోతుందేమోనని కాసేపు కదలకుండా ఉన్నాడు. అది పోలేదు. గుండు విరిగిన చెయ్యి కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు, అయినా పోలేదు. అప్పుడు భయం వేసింది.

"రేపు వెనక కూర్చోకు," అన్నారు మాస్టారు. "నా పక్కన కూర్చో. అందరికీ చెప్పాల్సింది చెప్పేస్తాను."

"ఆరోది ఎందుకు తొందరపడిందో అడగరా మాస్టారూ?"

"కారణాలు వాయించేవాడికిరా. వినేవాడికి తాళమే."

"చెయ్యి అడ్డొచ్చిందండీ."

"అడ్డొస్తే?" అన్నారు మాస్టారు.

నిజంగానే అడిగారు. జవాబు కోసం చూశారు కూడా. ఆ మొహంలో కుట్ర లేదు, క్రూరత్వం లేదు. తీగ తెగితే ఏం, వేలు కోసుకుంటే ఏం, పాఠం ఆగకూడదని తనకి పదహారేళ్ళప్పుడు తనతో అన్న మొహమే అది. పెద్దోడు కాగితం మడిచి చాప మీద పెట్టి లేచాడు. 

"కూర్చో," అన్నారు మాస్టారు.

అతను గుమ్మం దాకా వచ్చేశాడు. ఆ అమ్మాయి వెనకే వచ్చి చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి అంది, "నేను కూతుర్ని అన్నయ్యా. బాగుందనే మాట నాకొక్కసారి కూడా దక్కలేదు. నీకు దక్కింది." రెండో చెప్పులో కాలు దూర్చి, "నేను ఎవరికీ చెప్పను. రేపు ఆయన పక్కన కూర్చుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం. గుండన్న వంతెన అవతల సైకిల్ షాపు మేడ మీద ఉంటాడు," అంది.

*

మేడమెట్లు ఇనుపవి. పైన ఒకటే గది. తలుపు తీసే ఉంది. గుండు బనీనుతో మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో అరటిపండు తొక్క ఒలవడానికి పళ్ళ సాయం తీసుకుంటున్నాడు. కుడిచెయ్యి కట్లతో, మెడకి వేలాడే పట్టీలో ఉంది. బయటికి కనిపిస్తున్న వేళ్ళు వాచి, నల్లబడి ఉన్నాయి.

"ఎవరండీ? ఆ అమ్మాయి పంపిందా?"

"లేదండీ. ఎవరూ పంపలేదు," అన్నాడు పెద్దోడు. "మొన్న గోడౌన్‌కి వచ్చింది నేనే."

గుండు పండు మంచం మీద పెట్టాడు. కింద సైకిల్ షాపులో ఎవరో ట్యూబుకి గాలి కొడుతున్నారు. అది ఆగేదాకా గుండు పెద్దోణ్ణి పాదాల దగ్గర్నుంచి చూసుకుంటూ వచ్చాడు.

"హెల్మెట్ తీస్తే ఇలా ఉంటావన్నమాట. ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నాను."

పెద్దోడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. అంతలోనే తప్పనిపించి ముందుకి తెచ్చుకున్నాడు. గుండు ఆ చేతుల్నే చూస్తున్నాడు.

"నిన్న రాత్రి నుంచి నీ పాటే వింటున్నాను. అమ్మాయి పంపింది, వాడమంటావా వద్దంటావా అని. వాడుకో అన్నాను. మా వాళ్ళలో ఎవడూ ఇంత నిబ్బరంగా కొట్టలేడు." అతని పెదవి ఒక పక్కకి వంగింది. నవ్వో కాదో తెలియలేదు. "ఒకటి అడుగుతాను. డ్రమ్ములు పగలగొట్టావు, సరే, మా మోత నీకు నచ్చలేదు. ఆరోది నా తప్పే, చెయ్యి నేనే పెట్టాను. ఆ తర్వాత ఆగావు. నాకు బాగా గుర్తు, ఆగావు. నీ కళ్ళు కనబడలేదు గాని, నన్ను చూస్తున్నావని తెలిసింది. అమ్మయ్య, వీడికి తెలివొచ్చింది అనుకున్నాను. ఆగినవాడివి ఏడోది ఎందుకు కొట్టావు?"

పెద్దోడు క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూర్చుకున్నాడు. అవి అన్నీ ఆరోదానికి సరిపోతాయి. ఏడోదానికి ఒకటీ సరిపోలేదు. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ దొరకలేదు.

"తాళం పూర్తి కాలేదండీ," అన్నాడు.

 గుండు మొహంలో రంగు మారింది. ఎడమచెయ్యి మంచం పట్టెని పట్టుకుని బిగిసింది. లేచి కొడతాడని పెద్దోడు నిలబడి ఎదురుచూశాడు, కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. గుండు లేచాడు గానీ కొట్టలేదు. గోడ మేకుకి వేలాడుతున్న చొక్కా తీసుకున్నాడు.

"పద," అన్నాడు. "స్టేషన్‌లో కూడా ఇదే మాట చెప్పు. ఇంకేం కలపకు. ఇలాగే చెప్పు."

చొక్కా ఎడమచేతికి ఎక్కించి, కుడివైపుది కట్టు మీదుగా భుజానికి కప్పుకున్నాడు. బొత్తాలు పెట్టుకోబోయాడు. ఎడమచేతి వేళ్ళకి అది చేతకాలేదు. బొత్తాం కాజా దాకా వచ్చి జారిపోతోంది. పెద్దోడు ఒక అడుగు ముందుకి వేశాడు.

"తాకకు."

పెద్దోడు వెనక్కి తగ్గి తలుపు దగ్గర నిలబడ్డాడు. గుండు గోడకి ఆనుకుని, గడ్డం గుండెకి ఆనించి, మొదటి బొత్తాం పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టాక చూసుకుంటే అంచులు ఒకదానికొకటి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మూడూ విప్పేసి, నుదుటి చెమట భుజానికి తుడుచుకుని, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు.